వెళ్ళొస్తానన్న తాళాలమ్మ

మా కామిక్‌లో ఎవరైనా "వెళ్ళొస్తాను" అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. జాంబీల కథల్లో ఇలాంటి రూళ్ళు బోలెడు. జేబులోంచి పెళ్ళాం పిల్లల ఫొటో తీసి చూపించినవాడు రెండు పేజీలకు మించి బతకడు. "ఇదంతా సద్దుమణిగాక హాయిగా ఓ ఇల్లు కట్టుకుంటా" అన్నవాడికి ఆ ఇల్లు దక్కదు. చేతిమీది కాటును చొక్కా కింద దాచుకున్నవాడు సరిగ్గా అందరూ కునుకు తీసినప్పుడే జాంబీగా మారతాడు. ఇవన్నీ ఈ రకం కథలు రాసే వాళ్ళందరి ఉమ్మడి ఆస్తి. "వెళ్ళొస్తాను" మాత్రం మా సొంతం. ఆ మాట కనబడగానే మా పాఠకులు పేజీ తిప్పడానికి జంకుతారు. అలా జంకించడం అందరికీ చేతకాదు, నాకూ మా బావకీ చేతనవును.

కథ బావది, బొమ్మలు నావి. బావంటే మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు నా పెన్సిళ్ళు కొరికి పాడుచేసేవాడు, ఇప్పుడు గడువులు దాటించి నా ప్రాణం తోడేస్తున్నాడు. అత్త జిరాక్స్ కొట్టు మీది గదిలో మా పని. కింద మిషన్ తిరిగితే పైన నా బల్ల అదురుతుంది. అందుకే తొలి సంచికల్లో జాంబీల అంచులన్నీ వణుకుతూ ఉంటాయి. పాఠకులు అది నా శైలి అనుకున్నారు, నేనూ కాదనలేదు. మొదటి సంచికను అత్తే తన మిషన్ మీద కాపీలు తీసి, పిన్నులు కొట్టి, జిరాక్సుకు వచ్చిన ప్రతివాడికీ అంటగట్టింది. ఇప్పుడు పెద్ద ప్రెస్‌లో రంగుల్లో అచ్చవుతోంది. అయినా నేను గీసిన ప్రతి పేజీ ముందు మెట్లు దిగి అత్త చేతుల్లో పడాల్సిందే.

కథలో జనం ఒక మూతపడ్డ సినిమా హాల్లో తలదాచుకుంటారు, చుట్టూ జాంబీలు. హాలు తాళాలన్నీ నడుముకు కట్టుకుని, అందరిమీదా పెత్తనం చేస్తూ తిరిగే పెద్దావిడ తాళాలమ్మ. ఆవిడకు నేను మా అత్త ముఖం పెట్టాను. అవే దళసరి కళ్ళద్దాలు, చెవి వెనక అదే పెన్సిలు, అద్దాల పైనుంచి మనిషిని నిలువునా కొలిచే అదే చూపు. అడిగి పెట్టలేదు. మొదటిసారి చూసినప్పుడు అత్త, "నా ముక్కు ఇంత లావా?" అని మాత్రం అంది.

అత్తకు నా బొమ్మలతో ఒకటే పేచీ.

"ఏమే సిరాపిల్లా, ఈ జాంబీలంతా చేతులు ముందుకు చాచుకుని నడుస్తారెందుకే? అంతసేపు అలా పెడితే భుజాలు పీకెయ్యవూ?"

నా వేళ్ళకు ఎప్పుడూ సిరా అంటుకుని ఉంటుందని ఆ పేరు పెట్టింది.

"జాంబీలు అలాగే నడుస్తారత్తా. లోకమంతా అలాగే గీస్తారు."

"ఎవడో ఒకడు గీశాడు, వాణ్ణి చూసి మిగతావాళ్ళు గీశారు. నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

"చూడలేదు కాబట్టే అడుగుతున్నా."

ఇలా మాట్లాడే మనిషితో ఎవరు గెలుస్తారు? నాకు ఒళ్ళు మండేది. జాంబీ నడక గీయడంలో నన్ను మించినవాళ్ళు లేరని కామిక్ అచ్చేసేవాళ్ళ సంపాదకుడే అన్నాడు. మోకాలు వంగదు, ఒక పాదం ఈడుస్తుంది, చేతులు రెండూ ముందుకు. కళ్ళు మూసుకుని గీస్తాను. అందులో వంక పెట్టడానికి ఈవిడెవరు అనుకునేదాన్ని.

ఈసారి సంచికలో బావ తాళాలమ్మను చంపాడు. హాల్లో ఒక పసిదానికి జ్వరం. మందులేమో వీధికి అవతలి షాపులో. తాళాలమ్మ తాళాల గుత్తి తీసి హాల్లోని ఓ కుర్రదాని చేతిలో పెట్టి, "వెళ్ళొస్తాను" అని గేటు దాటుతుంది. తర్వాత నాలుగు పేజీల్లో జరగాల్సింది జరుగుతుంది. చదివి ఇద్దరం చేతులు కలుపుకున్నాం. పాఠకులు ఏడ్చి చస్తారని, ఉత్తరాలు కుప్పలు పడతాయని మురిసిపోయాం. బావ స్వీట్లు కూడా తెచ్చాడు.

ఆ వారంలోనే అత్తకు మెట్లెక్కుతుంటే ఆయాసం ఎక్కువైంది. పరీక్షలన్నీ చేసి, గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చాలి, ఆలస్యం చేస్తే ప్రమాదమని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చేసింది. అది మేము పేజీలు ప్రెస్‌కి పంపాల్సిన వారమే.

నేను ఇలాంటివి నమ్మను. గీత గీతే, మనిషి మనిషే. అలా అనుకుంటూనే కుంచె పట్టుకుని కూర్చున్నాను. గేటు గీశాను, తాళాలు గీశాను, ముఖం గీశాను. మాటల బుడగ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. బావ గోడకు ఆనుకుని గోళ్ళు కొరుకుతున్నాడు.

"తీసేద్దాం. అమ్మ బదులు ఆ వంటవాణ్ణి పంపిద్దాం."

"వంటవాణ్ణి పోయిన సంచికలో చంపావుగా."

"అయితే జ్వరమే తగ్గించేద్దాం."

"మందు లేకుండా జ్వరం ఎలా తగ్గుతుంది బావా? నీకు మతి పోయిందా?"

ఇంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు, మధ్యమధ్య ఆగుతూ. ఎక్కవద్దని లక్షసార్లు చెప్పాం, వినే రకమైతే కదా. అత్త రొప్పుతూ వచ్చి నా కుర్చీలో కూలబడింది. ఊపిరి తీసుకుని, అద్దాలు సర్దుకుని, బల్లమీది పేజీ చూసింది. పక్కనే బావ రాసిన కాగితాలు. మేమిద్దరం ఒకేసారి వాటిమీద చేతులు వేశాం గానీ అప్పటికే చదివేసింది.

"ఆహా! ఇన్నాళ్ళకు నన్ను చంపుతున్నారన్నమాట."

"లేదమ్మా, మార్చేస్తున్నాం," అన్నాడు బావ.

"ఎందుకు?"

బావ కాగితాలు లాక్కుని వెనక్కి దాచాడు.

"పంతుల్ని చంపారు. కవల పిల్లల్ని చంపారు. కొత్తగా పెళ్ళైన ఆ డ్రైవర్ని చంపితే నేను రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడిందిరా? అత్తకో న్యాయం, మీకేమీ కాని డ్రైవరుకో న్యాయమా?"

"అది కాదత్తా, నీ ఆపరేషన్ ముందు ఇది..." అన్నాను. భయమేస్తోందని చెప్పేశాను. నా చేత్తో ఆ మాట రాయలేనన్నాను.

అత్త నా వేళ్ళు పట్టుకుంది. సిరా తన చేతికి అంటుకున్నా పట్టించుకోలేదు.

"రాయి. నన్ను గేటు బయటికి పంపి, గేటు మూసి, అక్కడితో సంచిక ఆపు. తర్వాత ఏమైందో నేను వచ్చి చెబుతా. నేను చెప్పకుండా ఒక్క గడి గీశారంటే ఊరుకోను."

బుడగలో రాశాను. అక్షరాలు వంకర పోయాయి, దిద్దలేదు. తను రాసిన కాగితాల్లోంచి చావు పేజీలు నాలుగూ విడదీసి బావ తన సంచిలో పెట్టుకున్నాడు. వాటి బదులు గేటు సీనుకు ముందు హాల్లోవాళ్ళ గోల నింపాం.

ఆపరేషన్ రోజున పొద్దున్నే ఆకుపచ్చ గౌను తొడిగి అత్తను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. అద్దాలు తీసేస్తే ముఖం చిన్నదైపోయింది. మంచం తోసే మనిషి రెండు రెక్కల తలుపు దగ్గర ఆగి, "ఇక్కడిదాకేనండి మీరు. అమ్మా, మీవాళ్ళకి చెప్పి రండి," అన్నాడు.

అత్త నోరు తెరిచింది.

"అమ్మా, ఏమనకు!" అని బావ దాదాపు అరిచాడు. "ఊరికే చెయ్యి ఊపు చాలు."

మంచం తోసే మనిషి మావైపు వింతగా చూశాడు. నేనేమో సిగ్గులేకుండా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అత్తకు కోపం వచ్చింది. పడుకునే తల ఎత్తింది.

"ఊహ తెలిసినప్పట్నించీ గడప దాటేటప్పుడు ఆ మాట అనకుండా కాలు బయట పెట్టలేదు నేను. కొట్టుకి వెళ్ళినా అంతే, పక్క వీధికి వెళ్ళినా అంతే. తిరిగొస్తాననే కదరా ఆ మాట అనేది? మీరిద్దరూ పైగదిలో కూర్చుని ఓ రూలు రాసుకుంటే నా నోరు నేను కుట్టేసుకోవాలా?"

ఆ వసారా అంతా వినబడేలా అంది. "వెళ్ళొస్తాను."

తలుపు రెక్కలు ఊగి ఊగి ఆగిపోయాయి. ఇన్ని సంచికల్లో ఇంతమంది చేత ఆ మాట అనిపించి చంపినప్పుడు నాకు కలిగిన ఆనందం గుర్తొచ్చింది. అందరూ అనే మాట కాబట్టే అది అంత బాగా గుచ్చుకుంది. ఇప్పుడు నాకే గుచ్చుకుంటోంది.

బావ ఊరుకుంటేనా. "మన కథల్లో డాక్టరు మాస్కు తీస్తూ తల వంచుకుని వస్తాడు," అంటాడు. కాసేపాగి, "బయట దీపం మిణుకు మిణుకుమంటే కూడా మంచిది కాదు," అంటాడు. నోరు ముయ్యమన్నాను. చివరికి డాక్టరమ్మ మాస్కు మెడలో వేలాడేసుకుని, తల ఎత్తుకునే వచ్చి, "అంతా బాగా జరిగింది," అంది. బావ ముఖం పాలిపోయింది. "'అంతా బాగుంది' అన్న మరుక్షణమే కదా మన కథలో తలుపు బద్దలయ్యేది," అని గొణిగాడు. ఈసారి వాడి భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చాను.

మర్నాటికి అత్త కళ్ళు తెరిచింది. ఒంటినిండా గొట్టాలు. నన్ను చూసి పెదవులు కదిపింది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"వస్తానన్నాగా."

ఏడ్చేశాను. ఏడుస్తున్నానని నర్సు కోప్పడితే ఆవిడ మీద కూడా అరిచాను.

కొన్నాళ్ళకు అత్తను నడిపించాలన్నారు. నేను వెళ్ళేసరికి నర్సు అత్తను మంచం దింపి నిలబెట్టింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అత్త జుట్టు రేగిపోయి ఉంది. ముఖం బూడిద రంగు. అద్దాల్లేని కళ్ళు లోపలికి పోయాయి. మోకాలు వంగట్లేదు. ఒక పాదం నేలమీద ఈడుస్తోంది. గొంతులోంచి ఏదో మూలుగు. రెండు చేతులూ ముందుకు చాచి, నావైపే వస్తోంది.

అచ్చం నేను గీసే జాంబీ. వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని గీసిన నడకను మొదటిసారి కళ్ళతో చూస్తున్నాను. నేను గీసిన చేతులన్నీ ఎవర్నో పట్టి పీక్కుతినడానికి వచ్చేవే. అత్త చేతులు అలా లేవు. పడిపోతానేమోనని గాలిలో ఆసరా వెతుకుతున్నాయి.

"అలా చూస్తావేమే గుడ్లప్పగించి," అంది అత్త, ఒక్కో ముక్కకీ ఆగుతూ. "కాస్త పట్టుకో."

పరుగెత్తి పట్టుకున్నాను. ఆ చేతులు చల్లగా ఉన్నాయి, పట్టు మాత్రం గట్టిగా ఉంది. ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాం, మళ్ళీ వెనక్కి నడిచాం. "భుజాలు పీకుతున్నాయా అత్తా?" అని అడిగాను. "పీకవూ మరి, అప్పుడే చెప్పానుగా," అంది.

తర్వాతి సంచిక మొదటి పేజీ నేనే రాశాను. బావను బల్ల దగ్గరికి రానివ్వలేదు. సంచిలో దాచిన ఆ నాలుగు పేజీలూ వాడే బయటికి తీసి చెత్తబుట్టలో వేశాడు.

పేజీలో సినిమా హాలు గేటు, అవతల పొగమంచు. అందులోంచి ఒక ఆకారం వస్తోంది. జుట్టు రేగిపోయింది, కాలు ఈడుస్తోంది, చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి. గేటు లోపలివాళ్ళు కర్రలు పైకెత్తారు. ఇనప చువ్వ పట్టుకున్నవాడు తలకు గురి చూశాడు. మా కథ మొదట్నించీ చదివినవాళ్ళు వాడు కొట్టాలనే కోరుకుంటారు, ఎందుకంటే ఆ మాట అని గేటు దాటినవాళ్ళెవరూ మనుషులుగా తిరిగి రాలేదు. కింద చివరి గడిలో ఆ ఆకారం తలమీద ఒక మాటల బుడగ గీశాను. మా కామిక్‌లో ఇప్పటిదాకా ఏ జాంబీకీ మాటల బుడగ లేదు. అందులో అత్త అన్న మాటలే రాశాను, ఈసారి అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు.

"వస్తానన్నాగా. కాస్త పట్టుకోండి."