గుల్లదిబ్బ మీద తాడు

నడుము దాకా బురదలో దిగబడ్డ మోర్విడ్ ముసలమ్మను చూసి అయ్యో అనకండి, కౌన్సిల్ పెద్దలారా! ఆమెను అందులోకి తోసింది మీరే. హోటలు ముందు ఇసుకను శుభ్రంగా వదిలేసి, గుల్లలు ఏరుకునేవాళ్ళ దారికి అడ్డంగా తాడు కట్టింది మీరే. పిట్టల కోసమన్నారు. పిట్టకు నోరు లేదు, కాదని చెప్పలేదు.

పోటు మొదలైంది. టెగ్వెన్ బురద మీద చెక్క పలక వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, ముసలమ్మ చంకల కింద చేతులు పెట్టి లాగుతోంది. ముసలమ్మ ఆమె భర్తకు మేనత్త. టెగ్వెన్ కాళ్ళను మరిది ఎమ్రిస్ గట్టు మీద నుంచి పట్టుకున్నాడు. పాయలోకి నీళ్ళు చప్పుడు లేకుండా వస్తున్నాయి. చప్పుడు చేసే నీళ్ళంటే లాన్‌హెలిగ్ ఊరి ఆడవాళ్ళకు భయం లేదు. ఇట్లా వచ్చేవాటితోనే భయం. అవతలి ఒడ్డును పొగమంచు అప్పుడే మింగేసింది.

బురద జుర్రుమని వదిలింది. ముసలమ్మ బయటపడింది. ఎడమకాలి బూటు లోపలే ఉండిపోయింది.

"ఉంచుకోనీలే. కౌన్సిల్ కంటే ఈ బురదే నయం. బూటు లాక్కుంది గానీ పర్మిట్ అడగలేదు" అంది ముసలమ్మ, పళ్ళు టకటకలాడుతుంటే.



గుల్లదిబ్బ దారి ఉన్నన్నాళ్ళూ ఈ పాయ జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కరకట్ట నుంచి గుల్లలు దొరికే ఇసుక మేట దాకా అది గట్టి నేల. గుల్లలు ఉడకబెట్టి, మాంసం తీసుకుని, చిప్పలు ఆ దారి పక్కనే పారబోయడం వేల్స్‌లో ఈ తీరపువాళ్ళకు ముత్తవ్వల నాటి అలవాటు. పోసిన చిప్పలు ఎండకూ వానకూ నలిగి తెల్లటి దిబ్బ అయ్యాయి. ఈ వసంతంలో దిబ్బ మీద పిట్టలు గుడ్లు పెట్టాయని దిబ్బకూ దారికీ కలిపి తాడు పడింది. అప్పటి నుంచి, బరువు గోతం భుజాన వేసుకుని, పోటు వెనక తరుముతుంటే పాయ బురదలోంచి తిరిగి రావాలి.

"చాలు వదినా. ట్రాక్టరు తెస్తా. దిబ్బ మీద అటొకసారి ఇటొకసారి తోలితే గుడ్లూ ఉండవు, తాడూ ఉండదు" అన్నాడు ఎమ్రిస్.

టెగ్వెన్ వద్దనలేదు.

ఎమ్రిస్ ట్రాక్టరు కరకట్ట దిగి తాడు దాకా వచ్చేసరికి, లౌరీ చేతులు చాపి అడ్డం నిలబడింది. పక్క ఊరి పిల్ల. పిట్టలకు కాపలా ఉండమని కౌన్సిల్ ఈ వేసవికి పెట్టుకుంది.

"ఆగన్నా! గుడ్లున్నాయి!"

"గుడ్లకి నువ్వున్నావు. మా ముసల్దానికెవరున్నారు?"

"నేనూ ఓ గుడ్డు పెడతానే అమ్మాయ్, నా చుట్టూ కూడా తాడు కట్టు" అంది వెనక నుంచి ముసలమ్మ.

లౌరీ నవ్వబోయి ఆగింది. "ఇవి ఇక్కడికొచ్చిందే మీ వల్ల. మీరు పోసిన చిప్పల్లో పెడితే ఏది చిప్పో ఏది గుడ్డో నక్కకి కూడా తెలీదు. హోటలువాళ్ళు మిషన్‌తో దువ్విన ఇసుకలో ఏ పిట్టా పెట్టదు. పెట్టినా హోటలు యజమాని ప్రొథెరో గారి అతిథుల కుక్కలు బతకనివ్వవు."

టెగ్వెన్ వంగి చూసింది. చిప్పలనుకున్నవాటిలో నాలుగు చిప్పలు కావు. మెడకు నల్లపట్టీ ఉన్న పిట్ట ఒకటి ట్రాక్టరు ముందు రెక్క ఈడ్చుకుంటూ దేకుతోంది.

"రెక్క విరిగిందా?" అన్నాడు ఎమ్రిస్.

"లేదు. మనల్ని పక్కకి లాక్కుపోదామని దాని నాటకం." టెగ్వెన్ తలెత్తింది. "ఏమ్మాయ్, గూళ్ళు ఎక్కడెక్కడున్నాయి?"

"అన్నీ ఈ ఎత్తు మీదే."

"మరి తాడు పాయ దాకా ఎందుకు పోయింది?"

లౌరీ తాడు ముడి సర్దబోయింది.

"నిన్నేనే, అడిగేది."

"తీరంలో ఇంత మూశామని పైవాళ్ళకి లెక్క చూపించాలంట. హోటలు ముందు మాత్రం ముట్టుకోవద్దన్నారు. అక్కడ వదిలేసినంత మేర ఇక్కడ కలిపారు."

"విన్నావా వదినా!" ఎమ్రిస్ గేరు వేశాడు.

"దిగు."

"ఏంటీ?"

"దిగరా! ఆ గుడ్లు తొక్కావంటే ప్రొథెరో ఇంటికి పిలిచి నీకు టీ పోస్తాడు. రాక్షసులం మనమవుతాం. తాడు పోయి ఇనప కంచె వస్తుంది."

"అయితే పాయలో పడి చావమంటావా?"

"పాయలోకీ పోను. ఇంక పోను."

ఆమె తాడు కట్టిన మొదటి మేకు పట్టుకుని ఊపి పెరికింది.

"అక్కా, నా ఉద్యోగం పోద్ది" అంది లౌరీ సన్నగా.

"పోద్ది." టెగ్వెన్ అబద్ధం ఆడలేదు. "గూళ్ళు చూపించు, తాడు వాటి చుట్టే కడతా. చూపించకపోతే తెలీక గుడ్ల మీదే పాతుతానేమో."

హోటలు చెక్క వసారా మీద ఎవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. లౌరీ అటు చూసింది. తర్వాత చిప్పల్లో మోకాళ్ళ మీద కూచుని వేలు చాపింది. ఎమ్రిస్ ట్రాక్టరు దిగాడు. మేకులు ఒక్కొక్కటే ఎత్తు చుట్టూ దిగుతున్నాయి. దారి బయటపడుతోంది. మోర్విడ్ ముసలమ్మ కుంటుకుంటూ వచ్చి ఆ దారి మధ్య చతికిలబడింది.

కరకట్ట మీద కౌన్సిల్ బండి దీపాలు వెలిగాయి. పొగమంచులో అవి పెద్దవవుతున్నాయి. వెనక నీళ్ళు పాయను నింపేశాయి.

బండిలో వచ్చేవాళ్ళారా, ఆ మేకుల మీద చెయ్యి వెయ్యకండి. తాడు గుడ్లకు కట్టండి, మనుషులకు కాదు. హోటలు ముందు కుక్కలకు గొలుసులు వెయ్యండి. ఆ పిల్లను పనిలోనే ఉంచండి. కమిటీ వేస్తాం, వేసవి పోయాక చూస్తాం అనొద్దు. రేపు ఆటు వేళకి ఆడవాళ్ళు గోతాలతో ఈ దారినే వస్తారు. ఆ లోపల అడ్డు తీయండి.