రాయి కింద పంకా

ఆదివారం పొద్దున కిటికీ గట్టు తుడుస్తుంటే మహేశ్వరికి పలకంత నాపరాయి అడ్డొచ్చింది. జరపబోయి ఆగింది. దాని కింద, చనిపోయిన స్నేహితురాలు పద్మారాణి వాడిన బ్యాటరీ చేతిపంకా ఉంది.

ఆ ఇంట్లో వంకరపోయిన ప్రతిదీ రాయి కిందికే పోతుంది. భర్త అనిల్‌కుమార్‌కు తాండూరులో రాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. చుట్టుకుపోయిన క్యాలెండర్లు, మడతపడ్డ కాగితాలు, అత్త నాగమ్మ ఒత్తిన అప్పడాలు, అన్నీ అక్కడ మిగిలిన ముక్కల కిందే చదునవుతాయి. ఎవరు పెట్టారని అడిగితే అనిల్‌కుమార్ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

“పిడి ఉబ్బిందని నేనే పెట్టిన. రేపటికల్లా సాపైతది.”

పిడిలోని బ్యాటరీ ఉబ్బడం ఆమె ముందే చూసింది. చార్జింగ్ పెట్టడం మానేసింది. పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఉబ్బిన బ్యాటరీని ఒత్తొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, లోపలి పొరలు చిరిగి ఒకదానికొకటి తగిలితే మంట పుడుతుంది అని తను సైన్సు చెప్పే వికారాబాద్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్తే బుద్ధిగా రాసుకున్నారు. ఇంట్లో దిండు కింద ఫోన్ చార్జింగ్ పెట్టొద్దన్నందుకు అత్త నవ్వింది. “పాఠాలు బడిలనే పెట్టి రావాలె బిడ్డా, ఇంటిదాక మోసుకొస్తే బరువు గాదా?”

పద్మారాణి అదే బడిలో హిందీ టీచరు. ఏళ్ల తరబడి తాండూరు స్టేషన్‌లో ఇద్దరూ ఒకే రైలెక్కారు. యాభై దగ్గరపడ్డాక ఇద్దరికీ ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. ధారూర్ దాటేసరికి మహేశ్వరి వీపంతా తడిసేది. పద్మారాణి సంచిలోంచి ఆ పంకా తీసి, మహేశ్వరి జడ పక్కకు జరిపి, మెడ వెనక పట్టేది. తనకు చెమట కారుతున్నా ముందు ఇటే పట్టేది. “మన మొగోళ్లకు గీ వేడి ఒక్కరోజు రావాలె, అసెంబ్లీల చట్టమైతది” అని నవ్వించేది. ఇంట్లో ఆ వేడి సంగతి ఎత్తితే, “మాకు రాలేదా? మాకెవరు పంకాలు పట్టిన్రు?” అని అత్త అనేది. సలిపెడ్తుంది, ఫ్యాన్ తగ్గియ్యమని భర్త దుప్పటి లాక్కునేవాడు. తనకు వేడిగా ఉందని అడగకుండానే తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది.

శ్రావణంలో పద్మారాణి గుండె ఆగిపోయింది. శవం దగ్గర మహేశ్వరి గంటసేపు కూడా ఉండలేదు. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. “వాళ్లింటోళ్లు ఏడుస్తరు గానీ, నువ్వేడిస్తే సూసేటోళ్లు ఏమనుకుంటరు? ఆమె నీకు చుట్టమా, పక్కమా?” అని అనిల్‌కుమార్ తొందరపెట్టాడు. బడిలో సెలవడిగితే, రక్తసంబంధం ఉంటే చూద్దాం అన్నారు. మహేశ్వరి తలూపింది. ఆ సాయంత్రం చుట్టాలకు పూరీలు ఒత్తింది. పదో రోజున పద్మారాణి కూతురు హాసిని బడికొచ్చి, పంకా మహేశ్వరి చేతిలో పెట్టి పోయింది.

ఇప్పుడు రెండు చేతులతో రాయిని మెల్లగా ఎత్తింది. పిడి ఒక పక్క చీలింది. ఏదో తీయటి, ఘాటు వాసన. తలుపులు బార్లా తెరిచి, అత్తను బయట కూర్చోబెట్టింది. ఇనుప బకెట్లో పొడి ఇసుక పోసి, పంకాను అందులో పడుకోబెట్టి, వాకిట్లో ఎవరూ పోని మూలకు చేర్చింది. గింతదానికి గంత లొల్లేందని భర్త గొణిగాడు. ఆమె దూరంగా గడప మీద కూర్చుని బకెట్‌నే చూసింది. స్విచ్ ఒక్కసారి నొక్కితే చాలు, మెడ మీద ఒక్క గాలి. నొక్కకూడదని ఆమెకు తెలిసినంత బాగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అయినా వేలు ఒళ్లో కదులుతూనే ఉంది.

పొద్దు వాలాక బకెట్ పట్టుకుని బజారుకు నడిచింది. ఇమ్మానుయేలు తన సెల్‌ఫోన్ దుకాణంలో పాడైన బ్యాటరీలు పోగుచేసి హైదరాబాద్ పంపుతాడు. బకెట్లోకి తొంగి చూసి, చెయ్యి పెట్టలేదు.

“బ్యాటరీ పిడికి అతికి ఉంది మేడం. విప్పితే కష్టం. మొత్తం పంపాల్సిందే. గిసొంటిదే కొత్తది ఉంది, ఇయ్యాల్నా?”

వద్దని తల అడ్డంగా ఊపింది. అతను బకెట్‌ను దుకాణం వెనకకు తీసుకుపోతుంటే, ఇసుకలోంచి కనిపించే ఆకుపచ్చ రెక్కను మలుపు తిరిగేదాకా చూసింది. ఇంటి వైపు తిరగాల్సిన చోట స్టేషన్ వైపు తిరిగింది. ప్లాట్‌ఫారం మీద ఖాళీ బెంచీ చూసి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంది.

అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. అమ్మకు ఆకలైతుందట, ఎక్కడున్నదట, ఎప్పుడొస్తదట.

“అన్నం మీరు వండుండ్రి.”

“గిప్పుడేం పని పడ్డది నీకు?”

“పద్మారాణి చచ్చిపోయింది” అంది మహేశ్వరి. “నేను ఏడ్వాలె. జర టైం పడ్తది.”