గడప దాటని మాట

చనిపోయిన ఆడవాళ్ళకు చివరి స్నానం చేయించేది పిన్ని. ఆవిడ నోటికి జడవనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఎవరింట్లో కూరలో ఉప్పు తక్కువైనా మొహమాటం లేకుండా కడిగేస్తుంది. కానీ స్నానపు గదిలో చూసింది, విన్నది మాత్రం ఆ గడప దాటనివ్వదు. పోయినవాళ్ళ గుట్టు కాపాడటం స్నానం చేయించేవాళ్ళ బాధ్యత. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు జారలేదు.

ఈరోజు బల్ల మీద ఉన్నది సొంత అక్క. పిల్లలకు ఖురాన్ నేర్పిన మనిషి. విశ్వాసం ఉన్నవాళ్ళకు చావంటే భయమేమిటని జీవితమంతా చెప్పింది.

అక్క కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల్లికి స్నానం చేయించే హక్కు ముందు కూతురిది. ఇప్పుడు లోపలికి రాకపోతే ఇక తల్లిని తాకే భాగ్యం ఉండదు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, కానీ కాళ్ళు కదలడం లేదు. పిన్ని బతిమాలింది, కసిరింది కూడా.

"నాకు భయమేస్తోంది పిన్నీ. అమ్మకి చావంటే లెక్కే లేదు. నేనేమో అమ్మ ముఖం కూడా చూడలేకపోతున్నా. నాలో విశ్వాసం లేదేమో. అలాంటిదాన్ని అమ్మని ఎలా ముట్టుకోను?"

పిన్ని ప్రాణం చివుక్కుమంది. పోయే ముందు అక్క తనతో ఒక మాట చెప్పి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. చెబితే అక్క గుట్టు పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల బతికినంతకాలం కుమిలిపోతుంది. బల్ల వైపు చూసి, నన్ను క్షమించు అక్కా అని మనసులోనే అనుకుంది.

"మీ అమ్మకీ భయమేసింది," అంది. "నా చెయ్యి వదల్లేదు. వణుకుతూనే కలిమా చదివింది, అల్లా ఒక్కడే దేవుడని. భయంగా ఉందని అల్లాకే చెప్పుకుంది. ఆయనకి కాక ఇంకెవరికి చెప్పుకుంటుందే?"

ఆ పిల్ల బావురుమంది. పిన్ని ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. బకెట్లో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి, అలవాటుగా మణికట్టు మీద పోసుకుని చూసింది. సరిపోయాయనుకుంది.

కూతురు కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. చెంబు అందుకుని తనూ మణికట్టు మీద పోసుకుంది.

"చల్లగా ఉన్నాయి పిన్నీ. అమ్మ తట్టుకోలేదు. ఇంకొంచెం వేడినీళ్ళు కలుపు."

పిన్ని ఇంకొంచెం వేడినీళ్ళు కలిపింది.