రంగు పట్టని ముక్క

కణాన్ని కణం వదలకుండా పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటుంది. అది మాయమైతే ఊపిరితిత్తిలోని క్యాన్సర్ కణాలు చేతులు వదిలేసుకుని, నెత్తురులో పడి ఎముకకో మెదడుకో చేరిపోతాయి. ఈ సంగతి రుజువు చెయ్యడానికి చెల్లెలు ఏళ్ల తరబడి ఆ ప్రయోగశాలలో కళ్లు పోగొట్టుకుంటోంది. ప్రోటీన్ ఉన్న ముక్కకు గోధుమరంగు పడుతుంది, లేని ముక్క వెలవెలబోతుంది. అలా వెలవెలబోయిన ముక్క దొరికితే ఆ గదిలో పండగే. కనిపెట్టినవాళ్లకు మిగతావాళ్లు టీ తెప్పించాలి. అది ఎవరి ఒంట్లోంచి కోసిన ముక్కో అని ఒక్కరూ నొచ్చుకున్న పాపాన పోలేదు.

ఇప్పుడు అన్నయ్య ఊపిరితిత్తిలోంచి గడ్డ కోసి తీశారు. మొత్తం వచ్చేసిందని సర్జన్ అన్నాడు. అది పాకే రకమా కాదా అన్నది మాత్రం చెల్లెలి గదే తేల్చాలి. ఆ ముక్క కూడా పేరు లేకుండా, ఒక అంకె తగిలించుకుని మిగతావాటిలో కలిసింది. పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుందని ఆ నియమం పెట్టింది ఆమే.

ఫలితం తేలే రోజున అన్నయ్య వచ్చి గది బయట బల్ల మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గరే ఉండమంటే వినలేదు. వదిన మొహం చూడలేక వచ్చేశానన్నాడు.

చెల్లెలు స్లైడ్లు ఒక్కొక్కటే చూసింది. గోధుమరంగు, మళ్లీ గోధుమరంగు. రంగు కనబడిన ప్రతిసారీ ఆమె గుండె కుదుటపడాలి కదా! సిగ్గులేని గుండె, విసుక్కుంది. ఇన్నేళ్ల శ్రమ నీరుగారిపోతోందని దిగులుపడింది.

అప్పుడు తగిలింది, మచ్చుకైనా రంగు లేని స్లైడు.

"దొరికింది. టీ ఎవరు తెప్పిస్తున్నారు?" అంటూ పగలబడి నవ్వింది. ఆ క్షణాన అన్నయ్య గుర్తుకే రాలేదు.

ఏ అంకె ఎవరిదో తెలిసిన సహాయకురాలు మాత్రం నవ్వలేదు.

"మేడమ్, అది మీ అన్నయ్యగారిది," అంది తల దించుకుని.

చెల్లెలు తేరుకునేలోగా ఫోన్ చేత్తో పట్టుకుని, తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నీ నవ్వు బయటికి వినబడిందే. ఇక భయం లేదని మీ వదినకి ఫోన్ చేసి చెప్పేశా. నువ్వూ ఒక్క మాట చెప్పు, నా మాట నమ్మట్లేదు," అంటూ ఫోన్ ఆమె చెవికి ఆనించాడు.

అవతల వదిన సంతోషం పట్టలేక ఏడుస్తోంది.