ఉత్త సీసా

మా మేనత్త వసంతమ్మంత పిసినారి చిత్తూరు జిల్లాలోనే లేదు. పిల్లల్లేరు, మామిడి తోట నాకూ తమ్ముడు చిన్నబ్బకూ చెరిసగం రాస్తానంది. అలాంటి మనిషి కొత్త సంవత్సరానికి మాకిచ్చే కానుక పాత హార్లిక్స్ సీసాలో కేకు పిండి! మైదా, చక్కెర పొడి, సోడా కలిపి మూతకు ఎర్ర రిబ్బను కట్టేది. గుడ్లూ నూనే మనమే పోసుకోవాలి, ఇసుక గిన్నెలో మనమే కాల్చుకోవాలి.

ఆ ఏడు వచ్చిన పిండిని బర్రె కుడితిలో కలిపేసి, సీసా కడిగి అత్తకు తిప్పి పంపబోయాను.

"వచ్చిన సీసాను ఉత్తగా తిప్పి పంపకూడదు, పిడికెడు బియ్యమైనా పొయ్యి" అని నా భార్య గొణిగింది.

"రూపాయి పిండికి సీరె కూడా పెట్టాల్నా?" అని ఉత్తదే పంపేశాను.

మరునాడే అత్త పుత్తూరు బస్సు దిగింది.

"ఏమిరా, ఉత్త సీసా పంపినావే, నేను సచ్చినాననుకుంటివా? చిన్నబ్బ బెల్లం పోసి పంపినాడు, సూడు."

"బెల్లమేసి నిన్ను కొనుక్కున్నాడత్తా వాడు."

"సవగ్గా అమ్ముడుపోయినాన్లే నాయనా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

గుప్పెడు బెల్లానికి తోటంతా వాడికే రాసిచ్చిన మనిషికి బుద్ధి ఉందందామా? నాకు పోయింది మాత్రం నా సగం, ఎకరా ముప్పై సెంట్లు.