చిరునామా లేదని తిప్పిపంపిన ఉత్తరం

సైబర్ విభాగంలో పనిచేసే ఆ కానిస్టేబుల్‌ని అందరూ చెల్లెమ్మ అనే పిలుస్తారు. ఇద్దరు పిల్లల తల్లి. ఆమె ఉద్యోగం ఫొటోలు చూడడం. పరాయి దేశపు పోలీసులు ఎవరి కంప్యూటర్‌లోనో పట్టుకుని పంపినవి. వాటిలో తొమ్మిదేళ్ళ పాప ఒకతి పద్నాలుగు నెలలుగా కనిపిస్తోంది. మొదటి ఫొటోలో ఊడి ఉన్న పన్ను చివరిదానిలో మొలిచింది.

చెల్లెమ్మ పాపను ఒక్కసారి చూసి, ఆపైన గదినే చూస్తూ కూర్చుంది. గోడ, మంచం, కిటికీ ఊచలు. వారం రోజులకు మంచం కింద ఒక నోటుపుస్తకం కనబడింది, దాని అట్టమీద ఆకుపచ్చ అంచున్న చీటీ. పేరు మీద నీడ పడింది, ఒకట్రెండు అక్షరాలే తెలుస్తున్నాయి. ఆ చీటీ వరకే కత్తిరించి, ప్రింటు తీసి, పిల్లల సంరక్షణ ఆఫీసుకు పట్టుకెళ్ళింది.

అక్కడి అధికారిణి ముప్పై ఏళ్ళ సర్వీసు చూసిన మనిషి. "మిగతా ఫొటో ఏదమ్మా?" అంది.

"మీరు చూడకూడదు మేడమ్. చూడకపోవడమే మంచిది కూడా."

ఇద్దరూ కలిసి విద్యాశాఖ గుమాస్తా దగ్గరికి వెళ్ళారు. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇవి మేం అచ్చేయించినవే. రంగు తప్పు పడిందని పదకొండు బళ్ళకిచ్చి చేతులు దులుపుకున్నాం. ఏ బళ్ళో రాసిపెట్టిన కాగితం ఉండాలి. మా ఆఫీసులో కాగితం పోదు మేడమ్, దొరకదంతే." ఎవరూ నవ్వలేదు. ఆయన తల దించుకుని వెతికాడు. గంటలో దొరికింది.

పోలీసులు నేరుగా బళ్ళకు వెళితే ఊరంతా గుప్పుమంటుందనీ, ఆ చేసేవాడెవడో ఫోను పగలగొట్టి కూర్చుంటాడనీ సైబర్ ఇన్‌స్పెక్టర్ భయపడ్డాడు. అందుకని ఆరోగ్య పరీక్షల పేరు చెప్పి, తరచు నలతగా ఉండే పిల్లల జాబితా పంపమని విద్యాశాఖ చేతనే పదకొండు బళ్ళకూ రాయించారు.

మర్నాడు పదకొండింటికి ఒక టీచరు జాబితా పంపకుండా తనే విద్యాశాఖ ఆఫీసుకు వచ్చేసింది. అక్కడ కాచుకునున్న అధికారిణీ ఇన్‌స్పెక్టరూ చీటీ చూపించగానే గుర్తుపట్టింది. "ఇది మా క్లాసు పిల్లదే. 'ళ'కి తోక ఇలా చుట్టేది అదొక్కతే. దీనికి తండ్రి లేడు. తల్లీ, మేనమామా ఉంటారు ఇంట్లో. ఎనిమిది నెలల కిందటే పోలీస్ స్టేషన్‌కి రాశాను కదండీ నేను! గోడకి చెప్పుకున్నట్టయింది." సంచిలోంచి ఒక ఉత్తరం తీసి బల్లమీద పెట్టింది.

పాప బెల్లు కొట్టాక మేనమామతో ఇంటికి వెళ్ళనని ఏడుస్తోందనీ, క్లాసులో నిద్రపోతోందనీ, ఎవరైనా వచ్చి కనుక్కోవాలనీ అందులో ఉంది. పోలీస్ స్టేషన్ వాళ్ళు 'తల్లిదండ్రులు ఫిర్యాదు ఇవ్వలేదు' అని రాసి పక్క ఆఫీసుకు తోశారు. అట్టడుగున మరో ముద్ర: 'ఇంటి చిరునామా లేదు. తిప్పిపంపడమైనది.' కింద సంతకం.

ఆ సంతకం అధికారిణిదే. అలాంటివి రోజుకు నలభై పెట్టేది. ఆమె ఉత్తరాన్ని ఇన్‌స్పెక్టర్ ముందుకు జరిపింది.

ఇన్‌స్పెక్టర్ తన లెక్కలో తనున్నాడు. "రెండ్రోజులు ఆగుదాం మేడమ్. ఆ మేనమామ ఫొటోలు ఎవరెవరికి పంపుతున్నాడో చూస్తే మొత్తం ముఠా దొరుకుతుంది. ఇంకెంతమంది పిల్లలున్నారో."

"రెండ్రోజులంటే రెండు రాత్రులు సార్. ఎనిమిది నెలలు నేనిచ్చాను వాడికి. ఇక ఒక్క పూట కూడా ఇవ్వను."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "సరే. మధ్యాహ్నం రెండింటికి. రెండు చోట్లా ఒకే నిమిషంలో" అన్నాడు.

రెండింటికి మేనమామను అతని ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో, ఫోను చేతిలో ఉండగానే పట్టుకున్నారు. అదే నిమిషంలో హెడ్‌మాస్టర్ గదిలో పాప తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది.

"నేనేం చెయ్యలేదు" అంది.

"నువ్వేం చెయ్యలేదు తల్లీ. మాకు తెలుసు" అంది చెల్లెమ్మ.

"ఇవాళ ఇంటికెళ్ళక్కర్లేదా?"

"అక్కర్లేదు."

పాప ఆసుపత్రి బెంచీమీద కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. చెల్లెమ్మ లేపబోతే డాక్టరమ్మ అడ్డుపడింది. "పరీక్ష కాసేపు ఆలస్యమైతే ఏం కొంప మునగదు. పడుకోనివ్వండి."

తల్లి మాత్రం ఆఫీసుకొచ్చి అధికారిణి మీద విరుచుకుపడింది. "మా అన్నయ్య లేకపోతే మేం ఏనాడో వీధినపడేవాళ్ళం! కన్నకూతురి కంటే ఎక్కువ చూసుకున్నాడు. మీరంతా కలిసి మా బతుకులకి ఎసరు పెడతారా?" అరిచి అరిచి అలిసిపోయాక తల్లి గొంతు తగ్గించి అడిగింది: "ఏ గదిలో?"

అధికారిణి చెప్పింది. తల్లి వెళ్ళబోయి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

ఫోనులో మరో ఇద్దరు పిల్లల ఫొటోలు దొరికాయి. ఒక పిల్లాడిని పక్క జిల్లా పోలీసులు వారంలో చేరుకున్నారు. రెండో బిడ్డ ఎవరో, ఏ దేశంలో ఉందో ఇప్పటికీ తెలియదు. ఫొటోలు అందుకున్నవాళ్ళలో ముగ్గురు మాయమయ్యారు. రెండ్రోజులు ఆగి ఉంటే దొరికేవాళ్ళేమో, ఎవరు చెప్పగలరు?

కేసు కాగితాలు కూర్చే రోజున ఇన్‌స్పెక్టర్ ఆ ఉత్తరాన్ని పక్కకు తీశాడు. "ఇది లేకపోయినా కేసు నిలబడుతుంది మేడమ్. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది మీకు."

"తిలా పాపం తలా పిడికెడు సార్. నా పిడికెడు నేను దాచుకుంటే, రేపు ఇంకో టీచరు రాసినా ఇదే జరుగుతుంది." ఉత్తరాన్ని తనే ఫైలులో పెట్టి తాడు కట్టింది.

ఆమెను ఆ కుర్చీలోంచి తప్పించి విచారణ వేశారు. స్టేషన్‌కూ సంజాయిషీ నోటీసు వెళ్ళింది. చిరునామా ఉన్నా లేకున్నా టీచర్ల ఉత్తరాలు అదేరోజు పోలీసులకూ, పిల్లల సంరక్షణకూ, విద్యాశాఖకూ చేరాలని ఉత్తర్వు వచ్చింది.

పాప ఇప్పుడు తండ్రి తోబుట్టువైన మేనత్త ఇంట్లో ఉంటోంది. తల్లి ఆదివారాలు వచ్చి, గుమ్మంలో కూర్చుని వెళుతుంది. మొన్న మేనత్త అధికారిణికి ఫోన్ చేసింది. "కొత్త బళ్ళో కార్డుకి ఫొటో కావాలన్నారండీ. కెమెరా చూడగానే బల్లకిందికి దూరింది. సాయంత్రందాకా బయటికి రాలేదు. ఏం చెయ్యను?"

అధికారిణి కబురు చెబితే చెల్లెమ్మ మామూలు బట్టల్లో వెళ్ళి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడింది. ఎందుకో చెప్పలేదు, ఆయనా గుచ్చి గుచ్చి అడగలేదు. మర్నాటి నుంచి పాప ఫొటో లేని కార్డు మెడలో వేసుకుని బడికి వెళుతోంది.