కూర్చోవలసిన జట్టు

ఏ వ్యాయామమూ చేయించకుండా వదిలేసిన మనుషుల తొడ కండలు, ఆరు నెలలు పట్టుబట్టి నడిపించిన మనుషుల కండలకంటే ఆరోగ్యంగా ఉన్నాయి.

హర్షిణి కంప్యూటర్ ముందు నుంచి లేచి, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ చూసింది. అంకెలు మారలేదు. థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలే గడువుంది. నాలుగేళ్ళ కష్టం కాళ్ళ కింద మట్టిలా జారిపోతున్నట్టనిపించింది.

ఆమె పరిశోధన కండ మొండితనం మీద. తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ వెళ్ళి కండ తలుపు తడితే, కండ తలుపు తీసి ఆ చక్కెరను లోపలికి తీసుకుంటుంది. కొందరి కండలకు ఆ చప్పుడు వినపడడం మానేస్తుంది. ఇన్సులిన్ ఎంత బాదినా లోపల ఉలుకూ పలుకూ ఉండదు. చక్కెర జబ్బు బయటపడడానికి చాలా ముందే మొదలయ్యే చెవుడు అది. నడక ఆ చెవుడు పోగొడుతుందా, పోగొడితే కండ కణంలో ఏం మారుతుంది అన్నది హర్షిణి ప్రశ్న.

అందుకోసం జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో జబ్బు అంచున ఉన్నవాళ్ళను ఎంచుకుంది. చీటీలు తీసి రెండు జట్లు చేసింది. ఒక జట్టు రోజూ నడవాలి. రెండో జట్టు ఎప్పటిలాగే ఉండాలి. వాళ్ళకు నడక నేర్పేది ఆఖరి పరీక్ష అయ్యాకే. మధ్యలో ఒకసారి ఊళ్ళలోనే రక్తపరీక్షలు చేశారు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రం అందరినీ హైదరాబాద్ తీసుకొచ్చి రక్తంతో పాటు తొడ నుంచి బియ్యపు గింజంత కండ తీశారు. ఆ ముక్కల్లో ఇప్పుడు లెక్క తారుమారు చేసిన దొంగ దొరికాడు. కానీ ముఖం కనపడడం లేదు.

ఆమె గైడ్ మనోరమ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెర వంక చాలాసేపు చూసింది.

"మహబూబాబాద్ సరిగ్గానే ఉంది. భూపాలపల్లి సరిగ్గానే ఉంది. జనగామ ఒక్కటే తలకిందులు. అది మీ ఊరి వైపే కదా?"

"అవును మేడమ్. చిల్పూర్."

"ఒకరి ముక్క ఇంకొకరి గొట్టంలో పడిందేమో?"

"జన్యువులు సరిచూశాను మేడమ్. మొదటి ముక్క ఎవరిదో రెండోదీ వాళ్ళదే."

"మందులు మింగారా?"

"ఆ మందులతో రక్తంలో చక్కెర తగ్గుతుంది. కానీ కణంలో శక్తి తయారుచేసే గదులు ఇంతలా పెరగవు. ఇది ఒళ్ళు వంచితే వచ్చిన మార్పు."

మనోరమ కళ్ళజోడు కిందికి దించుకుంది. "అయితే కూర్చోవలసినవాళ్ళు కూర్చోలేదు. ఎవరు లేపారో తెలుసుకో. కారణం సాక్ష్యంతో సహా దొరికితే జనగామను విడిగా చూపించి మిగతా రెండు ఊళ్ళతో నిలబడొచ్చు. కారణం లేకుండా నచ్చని ఊరిని కోసి పారేస్తే మాత్రం, రేపు నీ ఏ అంకెనూ ఎవరూ నమ్మరు. నేను కూడా."

ఆ చివరి మాట హర్షిణి వెంట బస్సెక్కింది.

ముందు భూపాలపల్లి వెళ్ళింది. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన పెద్దులు అక్కడి కూర్చున్న జట్టులో ఉన్నాడు. ఆమె వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలోనే ఉన్నాడు.

"ఎట్లున్నవో గట్లనే ఉండుమన్నవ్. ఉన్న," అన్నాడు నిష్ఠూరంగా. "మా ఇంటామె బియ్యం బస్తా లోపలెయ్యమంటె, మేడమ్ వద్దన్నదని చెప్పిన. అప్పటిసంది నీ మీదనే కోపంగున్నది."

లోపలి నుంచి గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. హర్షిణి చాయ్ తాగకుండానే బయటపడింది.

మహబూబాబాద్‌లో పరిశోధన పనులు చూసే హీర్యా కూడా తన జట్టు కదల్లేదని ఒట్టేసి చెప్పాడు. వాళ్ళ కండలూ అదే చెబుతున్నాయి. దారులన్నీ తిరిగి తిరిగి జనగామకే వచ్చాయి.

జనగామ బస్టాండ్ పక్కన లక్ష్మీనర్సమ్మ కూరగాయలమ్ముతుంది. ఆమెదీ కూర్చున్న జట్టే. ఇదివరకు గంప లేపాలంటే పక్కనున్నవాళ్ళను పిలిచేది. ఇప్పుడు వంకాయల గంప తానే ఎత్తి పక్కకు పెట్టి, హర్షిణికి పీట వేసింది.

"అవ్వా, ఈ మధ్య ఎక్కడికైనా పోయినవా?"

"నేనేడికి పోత బిడ్డా. గీ గంపలిడిచి."

"నడక ఏమన్నా మొదలుపెట్టినవా?"

"నువ్వు వద్దన్నంక ఎట్ల నడుస్త?" ఆమె పచ్చిమిరపకాయల్లో ఎర్రబడ్డవి ఏరడం మొదలుపెట్టింది. ఆ పని అంత శ్రద్ధగా చేయాల్సిన అవసరమేమీ లేదు.

గంపల వెనక గోడకు ఒక జత తెల్ల క్యాన్వాస్ బూట్లు ఆనించి ఉన్నాయి. మడమల దగ్గర అరిగిపోయాయి. హర్షిణి నడక జట్టుకిచ్చినవి నీలం బూట్లు.

"అవి ఎవరివి అవ్వా?"

"మా మనుమనియి."

"నీ మనుమడికి మూడేండ్లు గదా?"

"ఎదుగుతడు గదా బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ, కన్నార్పకుండా.

ఆటో స్టాండులో యాదగిరి కూడా అదే జట్టు. ఆమెను చూడగానే, ఎక్కడానికి ఎవరూ లేకపోయినా, ఆటో స్టార్ట్ చేసుకుని పోయాడు. బ్రేకు మీద ఉన్న కాలికి అవే తెల్ల బూట్లు.

జనగామ పనులు చూసే నవీన్‌ను హోటల్లో కూర్చోబెట్టి, చాయ్ రాకముందే అడిగింది.

"నవీన్, నాకు చెప్పకుండ ఏదన్నా జరిగిందా?"

"ఏం లేదక్కా. నడిచెటోళ్ళకు వారం వారం ఫోన్ చేసిన."

"కూర్చున్నవాళ్ళకు?"

నవీన్ తల గోక్కున్నాడు. "ఆఖరి పరీక్షకు ముంగట కొన్ని వారాలు ఒక్కరిది గూడ కలువలే. అందరియి స్విచ్ ఆఫే. యాత్రకు పోయిండ్రని ఇండ్లల్ల చెప్పిండ్రు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఉత్తగ కుసునెటోళ్ళే గద అక్కా. ఏడ కుసుంటే ఏందనుకున్న."

హర్షిణి ఒక్కొక్కటీ కలిపి చూసుకుంది. ఒకే జట్టుకు చెందిన మనుషులు, అందరూ ఒకేసారి, ఫోన్లు స్విచ్ ఆఫ్ చేసి మాయమవడం. ఇళ్ళల్లో అందరూ యాత్ర అని ఒకటే మాట చెప్పడం. అందరి కాళ్ళకూ ఒకే రకం బూట్లు. ఈ జిల్లాలో పుట్టిన చిన్న పిల్లను అడిగినా చెబుతుంది అదేమిటో. అవిశ్వాస తీర్మానానికి ముందు మెంబర్లను దాచిపెట్టే క్యాంపు.

క్యాంపు పెట్టడంలో ఆ చుట్టుపక్కల ఒక్కడికే పేరుంది. చిన్నప్పుడు ఆమె స్కూలు నుంచి వచ్చేసరికి ఆ మనిషి ఇంట్లో ఉండేవాడు కాదు. ఎక్కడున్నాడని అడిగితే అమ్మ నవ్వి, "బాపు క్యాంపులున్నడు" అనేది.

చిల్పూర్ గుట్ట కనపడే మామిడి తోటలో, రేకుల షెడ్డు ముందు జగపతి జొన్నరొట్టె తింటున్నాడు. మాజీ ఎంపీపీ. మనిషి కాస్త సన్నబడ్డాడు. కూతుర్ని చూసి లేవబోయి, ఆమె ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"రా బిడ్డా. రొట్టె తింటవా?"

"షెడ్డు తాళం ఇయ్యి బాపు."

ఆయన జేబులోంచి తాళం తీసిచ్చాడు. లోపల ఒక మూలకు చాపలు చుట్టి ఉన్నాయి. పక్కన పెద్ద పెద్ద వంటగిన్నెలు, తెల్ల బూట్ల ఖాళీ డబ్బాలు. హర్షిణి ఒక డబ్బా పట్టుకుని బయటికి వచ్చి మంచం అంచున కూర్చుంది. కోపం వస్తుందనుకుంది. అలసట వచ్చింది.

కండ గురించి ఆమెకు చాలా తెలుసు. ఎంత తట్టినా తలుపు తీయని కండ కూడా, పనిలో పడితే ఇన్సులిన్ పిలవకుండానే తన తలుపు తానే తీసుకుంటుంది. మనుషులు కూడా అంతేనేమో. కేసులకు, పంచాయతీలకు, కూతురి మాటలకు ఉలకని ఈ మనిషి తలుపు ఏ పనికి తెరుచుకుంటుందో ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ వెతకలేదు.

"బాపు, నేను ఇది థీసిస్‌లో రాయాలి. లేకపోతే మహబూబాబాద్ పోతది, భూపాలపల్లి పోతది, నా నాలుగేండ్లు పోతయి. ఏం జరిగిందో నువ్వే చెప్పు, ఫోన్‌లో రికార్డు చేసుకుంట. నీ పేరు అక్కర్లేదు. ఊళ్ళో ఒకాయన అని రాస్త."

జగపతి రొట్టె పళ్ళెం పక్కకు పెట్టి, చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఫోన్ వంక చూశాడు. మైకు ముందు కూర్చున్నప్పటిలా గొంతు సవరించుకుని, ఎందుకో ఆ గొంతు వద్దనుకుని, మామూలుగా మొదలుపెట్టాడు.

"మధ్యల రక్తపరీక్షలైనప్పుడు నువ్వు ఇంటికొచ్చినవ్. యాదికున్నదా? కుసున్న జట్టు అధ్వానంగున్నదన్నవ్. నువ్వు సంబురంగ చెప్పినవో బాధగ చెప్పినవో నాకు తెల్వలే. సగం మంది ఫెయిలైతుండ్రు, నా బిడ్డ పేరు పోతదనుకున్న. ఎలక్షన్ల నేను నేర్చుకున్నది ఒక్కటే బిడ్డా. మన ఓట్లు మనకెట్లయిన పడ్తయి. పని చేసేది పడని ఓట్ల మీద. నడిచెటోళ్ళు మనోళ్ళే, పాసైతరు. ఈ కుసున్నోళ్ళను పట్టాలె అనుకున్న. జనగామల, చిల్పూర్ల ఇల్లిల్లు తిరిగి అందరిని తోలుకొచ్చిన. ఫోన్లు గుంజుకున్న. ఎవ్వరు అడిగినా యాత్రకు పోయిండ్రని ఇండ్లల్ల చెప్పుమన్న. పొద్దుగాల గుట్టెక్కుడు, మాపటికి గుట్టెక్కుడు. నడుమ జొన్నరొట్టె, ఆకుకూర. యాదగిరి మటన్ లేని క్యాంపు క్యాంపే కాదని లొల్లి పెట్టిండు. అయినా పెట్టలే.

మొదటి రోజు నేను గుట్ట మెట్ల కింద కుర్చీ ఏసుకుని కుసున్న. లక్ష్మీనర్సమ్మ పైకెళ్ళి ఒర్రింది, 'పటేలా, నువ్వు ఏ జట్టు?' అని. అందరు నవ్విండ్రు. మరునాటిసంది నేను గూడ ఎక్కిన.

ఇంగోటున్నది. ఎల్లేశ్. ఇరవయేండ్లు నా జీపు తోలిండు. గాయన అన్నకు షుగరుతోని కాలు తీసేసిండ్రు. చీటీల ఎల్లేశ్ పేరు కుసునే దిక్కు పడ్డది. నడిస్తె మంచిగైతదని నువ్వే అంటివి. ఆర్నెల్లు ఎప్పటి లెక్కనే ఉండుమని నువ్వే అంటివి. వాళ్ళ వంతు తర్వాత వస్తదని నువ్వు చెప్పిన మాట నేను ఇన్న. ఇని, పక్కకు పెట్టిన. ఎందుకంటె ఆగుడు నాకు చాతగాదు. నిన్ను ఒక్క మాట అడుగుతె అయిపోయేది. అడిగితె వద్దంటవని తెలిసే అడుగలే.

ఊళ్ళో ఒకాయన అని రాయకు బిడ్డా. ఒకాయనంటె ఎవడో అంటరు, ఉన్నడో లేడో అంటరు, మల్ల నీ లెక్క మీదనే అనుమానపడ్తరు. మంది నవ్వుతె నవ్వనీ. గెలిపిస్తననుకుని ఓడగొట్టిండని అననీ, నిజమే గదా. బిడ్డ కోసం చేసిండని రాయకు. ఎల్లేశ్‌ను చూసి ఆగలేకపోయిండని గూడ రాయకు. గవన్నీ నీకు చెప్పుకునెటియి, పుస్తకంల పెట్టెటియి కావు. చిల్పూర్ జగపతి, మాజీ ఎంపీపీ, కుసోవలసినోళ్ళను ఎవ్వరికి చెప్పకుంట గుట్టెక్కిచ్చిండు. గంతే రాయి."